మాలకీ గిల్‌హూలీ మొదటి లెక్క

మాలకీ గిల్‌హూలీ పొగగొట్టాలు దులిపే మనిషి. కిల్‌డార్గన్ చుట్టుపక్కల అతని బ్రష్షు దూరని పొగగొట్టమూ లేదు, అతని ఉపన్యాసం వినని ఇల్లూ లేదు. మసి సగం రాలి, కుర్చీల మీద దుప్పట్లు కప్పి ఉండగా మనిషిని బయటికి పొమ్మనడం ఎవరి తరం? సరిగ్గా ఆ సమయం చూసుకుని మొదలుపెట్టేవాడు. షానన్ నదికి పడమటున్నదంతా వేరే దేశం కావాలి, రాజధాని డబ్లిన్ పెత్తనం ఇక చాలు, మన వానలో మనమే తడుద్దాం, వాళ్ల గొడుగు మనకెందుకు అని.

ఆ దేశం కోసం డెబ్బై ఏడులో పార్టీ కూడా పెట్టాడు. సభ్యులు ఇద్దరు: తనూ, బడి రోజులనాటి స్నేహితుడు ఫెలిం మల్వీ. ఏడాది తిరక్కుండానే కొత్త దేశానికి రాజధాని కిల్‌డార్గన్‌లో ఉండాలా, నాలుగు మైళ్ల అవతల ఫెలిం ఊళ్లో ఉండాలా అన్న దగ్గర పార్టీ నిలువునా చీలింది. అప్పట్నుంచి ఫెలింది వేరే పార్టీ, వేరే జెండా. ఎదురుపడితే ఒకరినొకరు ద్రోహి అనుకునేవారు. అంత్యక్రియల్లో మాత్రం వరసలో పక్కపక్కనే నిలబడి, పోయినవాళ్ల బంధువులకు చేతులు కలిపేవారు. శవం దగ్గరికి రాని అభ్యర్థికి ఆ ప్రాంతంలో ఓటు అడిగే మొహమే ఉండదు మరి.

మాలకీ ఏడు ఎన్నికల్లో నిలబడ్డాడు. ఏడుసార్లూ ఓట్ల మొదటి లెక్కలోనే పోటీలోంచి పోయాడు. జనానికి అతనంటే ఇష్టం లేక కాదు, ఆ ఇష్టమే కొంప ముంచింది. బ్యాలెట్ మీద పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని ఇష్టాన్ని బట్టి అంకెలు వేయాలి. ముందు ఒకట్లు లెక్కిస్తారు. ఆపైన ఒక్కో లెక్కకీ అడుగున ఉన్నవాడిని తీసేసి, వాడి కాగితాల మీద రెండో అంకె ఎవరికుంటే వాళ్లకు పంచుతారు. "ఒకటి మా బావకి వేయక తప్పదయ్యా, రెండు మాత్రం నీదే" అని ప్రతి ఇంట్లోనూ మాటిచ్చి, టీ తాగించి పంపేవారు. అందరూ రెండే వేస్తే ఒకటి ఎవరు వేస్తారు? అలా ఊరంతా మెచ్చిన మనిషి అందరికంటే ముందు పోయేవాడు. ఫెలిం రెండో లెక్కలో పోయేవాడు, అందుకని వాడి తల ఎప్పుడూ ఓ బెత్తెడు పైకే ఉండేది.

తొంభై తొమ్మిదిలో కౌన్సిల్ ఎన్నికలు వచ్చాయి. భార్య అట్రాక్టా రొట్టె కోస్తూ కోస్తూ కత్తి పక్కన పెట్టింది.

"ఏమయ్యా, ఈసారి కూడా మొదటి లెక్కలోనే పోయావనుకో, ఇక చాలు. అరవై నాలుగేళ్లొచ్చాయి. మొన్న పోస్టరు కట్టడానికెక్కి, స్తంభం మీంచి దిగలేక గంటసేపు వేలాడావు."

"వేలాడలేదు. చుట్టుపక్కల చూస్తున్నా."

"ఆ చూసిందేదో చాలు. మాటివ్వు."

ఇచ్చాడు. ఆవిడ ఆ సంగతి మాంసం కొట్లో చెప్పింది. ఆదివారం చర్చి వదిలేసరికి మూడు ఊళ్లకు తెలిసిపోయింది. అందరూ మాలకీ భుజం తట్టి, రెండు నీకేనని మళ్లీ ధైర్యం చెప్పారు.

ఓట్ల లెక్కింపు ఆటల హాల్లో జరిగింది. కంచెకు ఇవతల జనం వేలాడుతూ, పెట్టెలోంచి పడే కాగితాలను చూసి, ఎవరికెన్నో పెన్సిళ్లతో గీతలు పెట్టుకుంటున్నారు. అట్రాక్టా ఇచ్చిన సాండ్‌విచ్ మాలకీ చేతిలో అలాగే ఉండిపోయింది. అతనికి నిజంగానే భయమేసింది. గెలవనని ఎప్పుడూ తెలుసు, అదో బాధ కాదు. ఎన్నికల్లో నిలబడకుండా ఎలా బతకాలో మాత్రం తెలియదు.

ఎన్నికల అధికారిణి మైకు సర్దుకుంది.

"గిల్‌హూలీ, మాలకీ. డెబ్బై ఒకటి."

పోయిందనుకున్నాడు. పోయినసారి ఫెలింకి తొంభై పడ్డాయి.

"మల్వీ, ఫెలిం. డెబ్బై."

హాలంతా ఒక్కసారి కేక పెట్టింది. గెలిచిన అభ్యర్థుల మనుషులు కూడా వచ్చి మాలకీని భుజాల మీదికెత్తుకున్నారు. పైనుంచి చూస్తే, అధికారిణి ఫెలిం దగ్గరికి వెళ్లడం కనిపించింది.

"ఒక్క ఓటే తేడా అండీ. మళ్లీ లెక్కించమంటారా? అడిగే హక్కు మీకుంది."

"అక్కర్లేదమ్మా. లెక్క సరిగ్గానే ఉంది."

మాలకీ వాళ్ల భుజాల మీంచి కిందికి దూకేశాడు. తోసుకుంటూ ఫెలిం ముందుకు వచ్చాడు.

"ఏంట్రా నీ ఎత్తు? పరుగు పందెంలో నీ కాలు ముందా నా కాలు ముందా అని బళ్లో వారం రోజులు కొట్టుకున్నావు. ఒక్క ఓటు దగ్గర ఊరుకుంటావా?"

"ఆ ఒక్కటీ ఎటు పోయిందో నాకు తెలుసు."

"ఎటు పోయింది?"

"నీకే. అది నా ఓటు."

మాలకీ ఇంకా చేతిలోనే ఉన్న సాండ్‌విచ్‌ను జేబులో కుక్కుకున్నాడు.

"నాకే వేసుకుందామని వెళ్లానురా. పెన్సిల్ పట్టుకున్నాక అట్రాక్టా పెట్టిన షరతు గుర్తొచ్చింది. నువ్వు మానేస్తే పొద్దున్నే లేచి నేనెవర్ని తిట్టుకోవాలి? ఆ పెద్ద పార్టీలవాళ్లకి నా పేరైనా తెలుసా? పోనీలే, ఒక్క ఓటుతో ఏమైపోతుంది అనుకున్నా."

"అదే నిన్ను ముంచిందిగా!"

"చెప్పొచ్చావు. కూడికలు నాకూ వచ్చు."

మాలకీ కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. అందరూ చూస్తుండగానే ఏడ్చాడు. షానన్ పడమటంతా దేశమైపోయినా అతనికి అంత సంతోషం కలిగేది కాదు. ఇరవై రెండేళ్లు వృథా చేసుకున్నామే అన్న దుఃఖం కూడా అందులోనే ఉంది. రెండో లెక్కలో ఫెలిం కాగితాలు యాభై ఎనిమిది వచ్చి అతని కట్టలో చేరాయి. మూడో లెక్కలో అతనూ పోయాడు. అప్పటికి ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు.

"వచ్చే ఎన్నికల్లో నీ ఓటెవరికిరా?" అన్నాడు మాలకీ.

"నాకే. ఇంకెవరికి?" అన్నాడు ఫెలిం.