రమణమ్మ మీద పెట్టిన మొర

పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా, వీరరాఘవమ్మ గిన్నెలో బెల్లం ముక్క వేసుకుని పక్కింటికి వెళ్తుంది. అక్కడ ఆమె తోడికోడలు రమణమ్మ మంచం మీద ఉంటుంది. పక్షవాతంతో కుడి చెయ్యి, మాట పడిపోయాయి.

మా ఊరు వెల్దుర్తికి దగ్గర. స్టేషన్లో ఇచ్చేది ఫిర్యాదు. మొర వేరు. ఆర్తితో చేసే విన్నపమని నిఘంటువు అర్థం చెబుతుంది. మా ఊళ్లో మొర పెట్టేది చేలగట్టున ఉన్న వీరుడి రాయికి. సాక్షి లేనప్పుడు, కడుపు మండినప్పుడు, ఎదుటివాళ్ల పేరు చెప్పి, శాపం పెట్టి, రాయి మీద గుప్పెడు మట్టి వేస్తారు. పొరపాటని తేలితే మొర తీసుకోవాలి. అందుకు శాపం పడ్డ మనిషి అదే రాయి ముందు బెల్లం తిని, నోటితో "తీరింది" అనాలి.

ఒక ఏడు కల్లంలో మిరపకాయల బస్తా కనపడలేదు. అటు తిరిగింది రమణమ్మే. వీరరాఘవమ్మ నేరుగా రాయి దగ్గరికి పోయి, "రమణమ్మ నోరు పడిపోవాల" అని మట్టి వేసి వచ్చింది. సాయంత్రం భర్త బ్రహ్మానందం చెప్పాడు.

"మబ్బు పట్టిందని పక్క చేను రహీమ్ షెడ్లో పెట్టించానే. నీకు చెప్పటం మర్చిపోయా."

ఆమె బెల్లం పట్టుకుని పరుగెత్తింది.

"అక్కా, తప్పయిపోయింది. ఒక్కసారి రాయికాడికి రా."

"ఏమే, దొంగని చేసేప్పుడు పిలిచావా నన్ను? ఉగాది పోనీ, వస్తాలే. అందాకా ఉడుకు!" రమణమ్మ నవ్వుతూనే అంది.

ఉగాది రాకముందే పెరట్లో గిన్నెలు తోముతూ పడిపోయింది.

బీపీ అన్నాడు నరసరావుపేట డాక్టరు. ఏళ్ల తరబడి మాత్రలు మింగలేదట. వీరరాఘవమ్మ మాత్రం ఎదురింట్లో ఉండే నాతో ఒక్కటే మాట అంది. "నోరే అన్నానమ్మా. ఇంకేదీ అనలా."

"చిన్నత్తా, ఆమెకి షుగరు కూడా ఉంది. రోజూ బెల్లం ఏంది?" అంటుంది రమణమ్మ కోడలు జ్యోతిర్మయి.

"నాలిక్కి రాస్తానంతే."

చివరికి జ్యోతిర్మయే ఆటో మాట్లాడి ఇద్దరినీ రాయి దగ్గరికి తీసుకుపోయింది. నేనూ వెళ్లాను. రమణమ్మ బెల్లం తిన్నది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. కాసేపటికి ఎడమ చేత్తో రాయి మీది దుమ్మంతా తుడిచి, తోడికోడలి వంక చూసింది.

"అయిపోయింది చిన్నత్తా, తుడిచేసింది గదా," అంది జ్యోతిర్మయి.

వీరరాఘవమ్మ కదల్లేదు. "నోటితో అనక్కా," అంది. మళ్లీ అంది. ఆటోవాడు హారన్ కొట్టేదాకా అంటూనే ఉంది.

ఇప్పుడు రమణమ్మకి గంజి తాగించేది, తల దువ్వేది ఆమే. కల్లానికి వెళ్లాల్సి వస్తే రాయి కనపడని చుట్టుదారిన నడుస్తుంది.