తడవని రంపంపొట్టు

మా వీధి వడ్రంగి, భార్య ఊరెళ్ళగానే ఆవిడ పెంచుకుంటున్న పిల్లులన్నిటినీ పెట్టెల్లో పెట్టి ఎక్కడో పారేసి వచ్చాడని ఒక మాట తిరుగుతోంది. ఆ మాట పుట్టింది ఎదురింటి టీచరమ్మ మేడ మీద. అక్కడినుంచి పాలబూతుకి, పాలబూతు నుంచి మందుల షాపుకి చేరేసరికి ఐదు పిల్లులు తొమ్మిదయ్యాయి, పెట్టెలు గోనెసంచులయ్యాయి. మొన్న మందుల షాపాయన నాకే చెప్పబోయాడు. "మీరు చూశారా నాయనా?" అన్నాను. "లేదు పెద్దమ్మగారూ, అందరూ అంటున్నారు" అన్నాడు. ఆ అందరిలో నేను లేను. ఆ రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా నేను ఆ వడ్రంగి వెంటే ఉన్నాను. పారేశాడంటున్న పిల్లుల్లో మూడు మా ఇంట్లోనే ఉన్నాయి. జరిగింది జరిగినట్టు నేనే చెప్పాలి.

వడ్రంగిది మా పక్కిల్లు. యాభై దాటిన మనిషి. చెవి మీద పెన్సిలు, కనుబొమల నిండా చెక్కపొట్టు, నోట్లో ఎప్పుడూ రెండు మూడు స్క్రూలు. అందుకే మాట కూడా ముక్తసరిగానే వస్తుంది. ఈ వీధిలో సగం తలుపులు అతని చేతివే. అతని ఇంట్లో మాత్రం స్నానాల గదికి తప్ప ఏ గదికీ తలుపు లేదు. ఉండేవి, తీసేశాడు. తలుపు వేస్తే చాలు, పిల్లులు అవతల చేరి గోళ్ళతో గీకేవి. పాలిష్ మీద గీత పడితే అతని ప్రాణం విలవిల్లాడుతుంది. ఒకరోజు మడతబందులు విప్పి, తలుపులు నాలుగూ తీసుకెళ్ళి షెడ్డులో గోడకి ఆనించేశాడు.

"పిల్లుల కోసం తలుపులు పీకెయ్యడమేంటయ్యా?" అన్నాను.

"పిల్లుల కోసం కాదక్కా, తలుపుల కోసం" అన్నాడు.

ఆ ఐదింటిలో మహారాణి అని ఒక ముసలి బూడిదరంగు పిల్లి, ఎర్రపిల్ల అని ఇంకొకటి. మిగతా మూడూ ఒక్క కాన్పులో పుట్టిన నల్లటి మగపిల్లులు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. ఎవరు ఎవరో భార్యకి తప్ప ఇంకెవరికీ తెలియదు. వాటి తిండి, మందు, టీకా అన్నీ ఆవిడే చూసుకునేది. ఇతని వంతల్లా ట్రేలు శుభ్రం చెయ్యడమే. పిల్లులు దొడ్డికి వెళ్ళే మూడు ట్రేలలో తన రంపంపొట్టే పోసేవాడు. పొద్దున్నే ఒక్కొక్క ట్రే ఎత్తి, పాతది పారబోసి, కొత్తది నింపేవాడు. పగలంతా చెక్కలెత్తే చెయ్యి కాబట్టి, ట్రే ఎత్తగానే ఎంత తడిసిందో అతనికి తెలిసిపోయేది.

ఈ మధ్య భార్య చెల్లెలికి ఆపరేషన్ అయితే సాయానికని ఆవిడ రెండు వారాలకి ఊరెళ్ళింది. వెళ్తూ వెళ్తూ పిల్లుల సంగతంతా ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకి అంటించింది. పొడి తిండి నీళ్ళలో నానబెట్టి పెట్టాలని అందులో రెండుచోట్ల రాసి ఉంది. ఇతనికి ఆ వారం ఒక పెద్ద అల్మారా పని. నానబెట్టేంత తీరిక ఎక్కడిది? బస్తాలోంచి తీసి గిన్నెల్లో పోసేసేవాడు.

సోమవారం మధ్యాహ్నం గోడ దగ్గరికొచ్చి పిలిచాడు.

"అక్కా, నల్లోళ్ళలో ఒకడు ట్రేలో కూర్చుని ఎంతకీ లేవట్లేదు. ముక్కుతున్నాడు."

నాకు తెలియని వైద్యం ఉందా! "మలబద్ధకం. ఎండు గింజలు పెడితే అవదూ మరి? కాస్త ఆముదం పట్టు."

"ఏ నల్లోడికి? నేనొచ్చేలోపే లేచి పోయాడు."

"ముగ్గురికీ పట్టు. పోయేదేముంది?"

పోయేదేమిటో మర్నాడు తెలిసింది. ఆ పూటకి మాత్రం నేనే చెంచా పట్టుకుని వెళ్ళాను. అతను తువ్వాలు చుట్టి ఒక్కొక్కరినీ అదిమి పట్టుకోవడం, నేను నోట్లో పొయ్యడం. సగం ఆముదం నా చీర మీదే పడింది. నా మోచేతి మీద రెండు గీతలు ఇంకా ఉన్నాయి. అంతటితో ఐదు పిల్లులూ మమ్మల్ని చూడగానే మంచాల కింద దూరడం మొదలుపెట్టాయి.

మంగళవారం పొద్దున నేను కాఫీ తాగుతుంటే వడ్రంగి రెండు ట్రేలు చేతిలో పట్టుకుని మా గుమ్మంలోకొచ్చాడు.

"ఇవి పట్టుకోండి."

"ఛీ ఛీ, పొద్దున్నే ఇదేం పట్టుకోవడం?"

"పట్టుకోండక్కా. తేలిగ్గా లేవూ? రోజూ ఇంత తేలిగ్గా ఉండవు. వంటింట్లో ఎవరో పచ్చటి నురగ కక్కారు. ఎవరో తెలీట్లేదు."

పశువుల డాక్టరమ్మకి నేనే ఫోన్ కలిపించి, స్పీకరు పెట్టించి అతనిచేత మాట్లాడించాను. ఆవిడ ఎక్కడో పశువుల మందలో ఉన్నట్టుంది, ఫోన్‌లో గేదెల అరుపులు. ముక్కడం, కక్కడం చెప్పగానే గొంతు మారిపోయింది.

"మగపిల్లులేనా? ఉచ్చ పోస్తున్నాయా లేదా?"

"మూడు మగవమ్మా. ఎవరు పోస్తున్నారో, ఎవరు పొయ్యట్లేదో తెలీదు. ట్రేలు అందరికీ కలిపే."

"మగపిల్లికి మూత్రం దారి మూసుకుపోయిందంటే ఆలస్యం చెయ్యకూడదు. విషం ఒంటికెక్కిపోతుంది. నేను మూడింటికి క్లినిక్కుకొస్తాను, ముందు రాలేను. ఈలోగా అన్నిటినీ విడివిడిగా మూసిపెట్టండి. ఒక్కోదానికి ఒక్కో ట్రే. ఎవరి ట్రే తడవలేదో వాణ్ణి తీసుకురండి. పొట్ట మాత్రం నొక్కొద్దు, పగిలిపోతుంది. ఎప్పటినుంచి ముక్కుతున్నాడు?"

"నిన్న మధ్యాహ్నం నుంచి."

"నిన్నటినుంచా! నిన్నే ఎందుకు చెప్పలేదు?"

అతను నావైపు చూడలేదు. నేను గోడకేసి చూస్తున్నాను.

విడివిడిగా మూసిపెట్టమంటే సరా, ఆ ఇంట్లో తలుపులేవీ? ఊరందరికీ తలుపులు చేసిపెట్టే మనిషి నడింట్లో నిలబడి ఖాళీ ద్వారబంధాలన్నీ ఒకసారి కలయజూశాడు. మళ్ళీ బిగించాలంటే పూట పడుతుంది. "మా ఇంటికి తీసుకురా" అన్నాను. మాకు స్నానాల గది, కొట్టుగది, పైన ఒక ఖాళీ గది. అన్నిటికీ తలుపులున్నాయి, అన్నీ అతను చేసినవే.

అల్మారా కోసం చేసిన సొరుగులు షెడ్డులో సిద్ధంగా ఉన్నాయి. గాలి ఆడేలా ఒక్కొక్క దానికి నాలుగు చిల్లులు పొడిచాడు. పైన ప్లైవుడ్ ముక్క పెట్టి తాడు కట్టాడు. మహారాణిని ఎత్తడం ఎవరి తరమూ కాదు కాబట్టి ఆవిణ్ణి వాళ్ళ స్నానాల గదిలోనే ఉంచాం. ఎర్రపిల్లని, ఇద్దరు నల్లోళ్ళని పట్టేసరికి అతని చేతులు నెత్తురోడుతున్నాయి. మూడో నల్లోడు ఎక్కడ దూరాడో దొరకలేదు. సొరుగులు ఒక్కొక్కటే మా ఇంటికి మోశాడు. మూడోది మోస్తుంటే మేడ మీదినుంచి టీచరమ్మ కేకేసింది.

"ఏంటండీ, పొద్దుటినుంచి మోస్తున్నారు?"

"సామానండీ."

సామాను మ్యావుమంది. అతను ఇంకో మాట లేకుండా మా గుమ్మంలోకి దూరిపోయాడు. ఆగి చెప్పే ఓపిక లేదు పాపం. ఇప్పుడు తిరుగుతున్న మాటంతా అక్కడ మొదలైందే.

ఇక కాపలా. నేను స్నానాల గది తలుపుకి చెవి ఆనించి కూర్చున్నాను. లోపల గీకుడు. ఆగింది. మళ్ళీ గీకుడు. ఊపిరి బిగబట్టి వింటున్నాను. ఒక పిల్లి ఉచ్చ పోసుకోవడం కోసం ఇంతలా ఎదురుచూస్తానని ఎవరైనా ముందే చెబితే నమ్మేదాన్ని కాదు. పదకొండున్నరకి లోపల పొట్టు తడిసింది. పన్నెండింటికి పైనుంచి వడ్రంగి గొంతు వినిపించింది. "వీడూ పోశాడక్కా!" ఒంటిగంటయ్యేసరికి ఎర్రపిల్ల ట్రే కూడా తడిసింది, అక్కడ మహారాణి ట్రే అయితే మునిగిపోయింది.

నలుగురూ బాగున్నారు. అంటే ఇంకా దొరకని మూడో నల్లోడే రోగి.

అప్పుడే అతని ఫోన్ మోగింది. భార్య. రోజూ ఒంటిగంటకి చేస్తుంది.

"పిల్లలు తిన్నారా?"

"ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు" అన్నాడు. అబద్ధం లేదు అందులో.

"చిన్నోడు నీళ్ళు తాగుతున్నాడా? వాడికి ముందే ఒకసారి ఉచ్చలో ఇసుక పడింది. పొడి తిండి అస్సలు పెట్టకు. నానబెడుతున్నావు కదా?"

"ఆఁ."

ఫోన్ జేబులో పెట్టుకోబోతే జేబు దొరకలేదు. రెండుసార్లు తడుముకున్నాడు. "వాడేనక్కా" అన్నాడు. "చిన్నోడే."

ఇల్లంతా వెతికాం. మంచాల కింద, బియ్యం డబ్బా వెనక, కుట్టుమిషను కింద. జబ్బు చేసిన పిల్లి పిలిస్తే పలకదు, పైగా నిన్న ఆముదం తాగిన పిల్లి. రెండు కావస్తుండగా షెడ్డులో అతను టార్చి వేసి నేల మీద బోర్లా పడుకున్నాడు. గోడకి ఆనించిన తలుపుల వెనక, అడుగున, రెండు పచ్చటి చుక్కలు.

నాలుగు తలుపులు, వాటి ముందు అల్మారా కోసం తెచ్చిన పదకొండు పలకలు. అన్నీ ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి. ముందుది లాగితే వెనకవి జారతాయి. జారితే ఆ సందులో ఉన్నవాడు నలిగిపోతాడు.

"అక్కా, ఈ చివర భుజం పెట్టండి. కదలొద్దు. తుమ్ము కూడా రాకూడదు."

"తుమ్ము నా చేతిలో ఉందిరా?"

"అయితే మాట్లాడకండి."

అది ఇంకా కష్టం. అయినా నోరు మూసుకున్నాను. అతను ఒక్కొక్క పలకనీ నిలువుగా లేపి, చప్పుడు కాకుండా రెండడుగులు నడిపించి పక్క గోడకి చేర్చాడు. ఒకటి. రెండు. చెమట కారి కళ్ళల్లో పడుతుంటే తుడుచుకోలేదు. ఎనిమిదో పలక తీస్తుండగా మిగతావి కిర్రుమని నా భుజం మీదికి వాలాయి. లోపలినుంచి చిన్న మూలుగు వినిపించింది. అతను మోకాలు అడ్డం పెట్టి ఆపాడు. ఇద్దరం అలాగే నిలబడిపోయాం. కాసేపటికి "ఉన్నాడు" అన్నాడు గొణుక్కుంటున్నట్టు. మళ్ళీ మొదలుపెట్టాడు. చివరి తలుపు తీసేసరికి రెండున్నర దాటింది. చిన్నోడు పారిపోవాలని కూడా చూడలేదు. తడిగుడ్డలా చేతిలోకి వచ్చాడు. పొట్ట అడుగున నిమ్మకాయంత గట్టిగా తగులుతోందని, వేలు ఆనీ ఆనకుండా చూసి చెప్పాడు.

వాణ్ణి కూడా ఒక సొరుగులో పెట్టి మూత కట్టాం, ఆటోలో ఆ పెట్టె నా ఒళ్ళో ఉంది. చిల్లుల్లోంచి అతను ఒక వేలు లోపలికి పెట్టి, దారంతా తియ్యలేదు. క్లినిక్కు చేరేసరికి మూడు. తాళం వేసి ఉంది. మూడూ పది అయింది, ఆవిడ జాడ లేదు. పెట్టెలో ఊపిరి వినిపించీ వినిపించనట్టు ఉంది. వడ్రంగి లేచి తలుపు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"బందులు బయటికే ఉన్నాయక్కా. ఆరు స్క్రూలు. ఐదు నిమిషాల పని."

"లోపలికెళ్ళి ఏం చేస్తావురా? ఉచ్చ దారిలో గొట్టం నువ్వు వేస్తావా?"

చేతిలోకి అప్పటికే స్క్రూడ్రైవరు వచ్చేసింది. దాన్ని మళ్ళీ జేబులో పెట్టించేసరికి నా తాతలు దిగొచ్చారు. మూడుంపావుకి డాక్టరమ్మ బురద కాళ్ళతోనే వచ్చింది. పెట్టె మూత తీసి చూసి, మా ఇద్దరితో ఒక్క మాటైనా లేకుండా లోపలికి పట్టుకుపోయింది.

ముప్పావుగంట. వడ్రంగి బల్ల మీద కూర్చోలేదు. ఆ బల్ల కాలు ఒకటి కదులుతుంటే వంగి చూశాడు, మామూలుగా అయితే బిగించేసేవాడే. ముట్టుకోలేదు.

డాక్టరమ్మ బయటికొచ్చి చేతులు తుడుచుకుంది. మత్తిచ్చి గొట్టం వేసిందట, నెత్తురు కలిసిన ఉచ్చ గిన్నెడు వచ్చిందట, సెలైన్ పెట్టిందట. "రెండు రోజులు గడిస్తే గాని ఏ మాటా చెప్పలేను. మిగతా ఇద్దరు మగవాళ్ళూ అదే తిండి తిన్నారు, వాళ్ళని కూడా మూసే ఉంచి ట్రేలు చూస్తూ ఉండండి. నోటి నిండా ఆ జిడ్డేంటి? ఆముదమా? ఎవరు పట్టమన్నారు?"

"మేమే పట్టామమ్మా" అన్నాడు వడ్రంగి.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. అరవై ఎనిమిదేళ్ళలో నాకలా ఎప్పుడూ జరగలేదు.

పిల్లులు మా ఇంట్లో, చిన్నోడు క్లినిక్కులో, మహారాణి స్నానాల గదిలో. ఆ ఇంటి వరండా బోసిపోయి కనిపించింది టీచరమ్మకి. నన్నడిగితే చెప్పేదాన్ని. నన్నడక్కుండా నేరుగా ఊళ్ళో ఉన్న భార్యకే ఫోన్ చేసింది. ఆవిడ గురువారం పొద్దుటి బస్సుకే దిగిపోయింది. సంచీ కూడా దించకుండా మా గుమ్మంలోకొచ్చి, "వదినా, నా పిల్లలేరీ?" అంది. కూర్చోబెట్టి, గదుల తలుపులు తీసి చూపించాను. సొరుగులు, ట్రేలు, పలకలు, స్క్రూడ్రైవరు, అన్నీ చెప్పాను. ఆముదం ఒక్కటి చెప్పలేదు.

ఆ సాయంత్రమే చిన్నోడు ఇంటికొచ్చాడు. ఎముకలు, వాటి మీద నల్లటి బొచ్చు, అంతే. గొట్టం తీసేశారు. ఇంకా గండం దాటినట్టు కాదు, మళ్ళీ మూసుకుపోవచ్చని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇప్పుడు మొగుడూ పెళ్ళాం వంతులేసుకుని వాడి ట్రే చూస్తున్నారు. తిండి జావలా నానబెట్టి పెడుతున్నారు. ఇంట్లో నాలుగుచోట్ల నీళ్ళ గిన్నెలు.

ఆవిడ నాతో ఎప్పటిలాగే మాట్లాడుతోంది. గిన్నెలో కూర తెచ్చిస్తోంది. తెచ్చి గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతోంది, ఏదో వినడానికన్నట్టు. నేను వాతావరణం గురించి మాట్లాడి పంపించేస్తున్నాను. ఆ ఒక్క క్షణం నాకు ముల్లులా గుచ్చుకుంటోంది.

నిన్న వడ్రంగి తన పడకగదికి తలుపు మళ్ళీ బిగిస్తున్నాడు. భార్య పెరట్లో ఉంది. నేను వెళ్ళి తలుపు రెక్క పట్టుకున్నాను.

"తమ్ముడూ, సూటిగా అడుగుతున్నాను. నోట్లో ఆ స్క్రూలు తీసి చెప్పు. ఆముదం నేను పట్టమన్నానని మీ ఆవిడకి చెప్పావా, లేదా?"

స్క్రూలు అరచేతిలోకి ఉమ్ముకున్నాడు.

"వచ్చిన రోజే చెప్పానక్కా. మీ నోటితో మీరెప్పుడు చెప్తారా అని చూస్తోంది."