జంగన్న ఓడిన ఏడాది టైర్లు

చేవెళ్లలోని ఈ టైర్ల దుకాణంలో అడుగు పెట్టగానే పాలిష్ వాసన ముక్కుకు తగిలింది. కిరోసిన్‌కూ కొబ్బరినూనెకూ మధ్య ఎక్కడో ఆగిపోయిన వాసన అది. అది సోకితే నాకు ముందు అనుమానం వస్తుంది, తరువాత ప్రమీలక్క గుర్తొస్తుంది. "కొత్త మాల్ సార్, ఇయ్యాల్నే దిగింది" అన్నాడు దుకాణదారు. టైరు పెళ్లికొడుకు జుట్టులా నిగనిగలాడుతోంది. నేను ఇస్త్రీ చొక్కాతోనే నేలమీద కూర్చుని, దాన్ని వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను. మర్యాదస్తులు టైరును ముందువైపు చూసి కొంటారు. నాకు ఆ మర్యాద ఏనాడో పోయింది. పోగొట్టింది ప్రమీలక్కే.

మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద ఆమెకు గులాబీలు పెంచే షెడ్లుండేవి. ఎం.కామ్ పూర్తిచేసి, దేశం నాకోసం ఎదురుచూడడం లేదని తెలుసుకున్నాక నాకు దొరికిన మొదటి కొలువు అక్కడే. ఆమెది భూమినీ రాజకీయాన్నీ సమానంగా సాగుచేసే కుటుంబం. భర్త పోయాక ఇంట్లో కూర్చోమన్నారు. ఆమె గులాబీలు పెట్టింది. షెడ్లకు నీళ్లు మాత్రం పక్క పొలంలోని అన్నగారి బోరు నుంచే వచ్చేవి. ఆ అన్న పేరు జంగన్న. పూలు నిలదొక్కుకున్నాక నగలు చేయించుకుంటుందని అందరూ అనుకుంటుంటే, నగరంలో ఎవరో వదిలించుకుంటున్న పాత స్పోర్ట్స్ కారు కొన్నది. ఎర్రది, టాపు మడిచేది, రెండే సీట్లు. "మిగిలినోళ్లు ఏడ కూసుంటరు?" అని ఊరంతా అడిగింది. "ఇంట్ల" అనేది ఆమె.

ఆ కారుకు అన్నీ దొరికేవి, టైర్లు తప్ప. అంత చిన్న చక్రానికి, అంత వేగానికి సరిపోయే టైర్లు చేయడం దాదాపు మానేశారు. దొరికేవన్నీ ఏదో గోదాములో ఏళ్ల తరబడి నిద్రపోయినవే. ఒకసారి మోకిలలో ఒక ఫామ్‌హౌస్ ఆయన తన దగ్గర ఒక సెట్టు ఉందంటే వెళ్లాం. "ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదమ్మా. గాడులు చూడండి, ఎంత లోతున్నాయో" అన్నాడు గర్వంగా.

"తిరగకపోవుడే వీటి రోగం" అని అక్క టార్చి తీసింది. "ఎం.కామూ, ఇట్ల రా. ఈ కోడిగుడ్డు గీత లోపల నాలుగంకెలు చదువు. మొదటి రెండు ఏ వారంల పుట్టిందో చెప్తయి, కడమ రెండు ఏ ఏడాదో. బయటి దిక్కు లేకుంటే లోపలి దిక్కు ఉంటది." తరువాత రబ్బరును బొటనవేళ్లతో వంచింది. గాడి అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు నోరు తెరిచాయి. "మా బాపు అంగట్ల ఎద్దును కొనేటప్పుడు కొమ్ములకు పూసిన నూనె చూడకపోతుండె. నోరు తెరిచి పండ్లు చూస్తుండె."

ఆయన నొచ్చుకున్నాడు. "మీరు టైర్లు కొంటున్నారా, ఎద్దులా?"

"ఎద్దు ముసలిదైతే నడకల తెలుస్తది సార్. ఇది మంచిగ నడిచి నడిచి, ఒక్కపారి పగులుతది."

ఎన్నికలొచ్చాయి. జంగన్న రెండుసార్లు ఓడినవాడు. ఈసారి టాపు తీసిన ఎర్ర కారులో నిలబడి, చేవెళ్ల దాకా ఊరేగి నామినేషన్ వేయాలని ఆయన కోరిక. మంచి టైర్లు దొరికితేనే కారు ఇస్తానన్నది అక్క. ఆయన అంత పనీ చేశాడు: నగరం నుంచి నల్లగా మెరిసే సెట్టు తెప్పించి బిగించాడు. పొద్దున మేం వెళ్లేసరికి బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. టైరు లోపలివైపు చూడడం ఒక్కటే మరిచారు. డప్పులు మోగుతున్నాయి. "తొక్కియ్యక్కా!" అన్నారంతా.

అక్క పట్టుచీరతో నేలమీద పడుకుని చక్రం వెనక టార్చి వేసింది. మట్టి దులుపుకుని లేచింది.

"అన్నా, ఇవి నువ్వు మొదటిపారి ఓడిపోయిన ఏడాది టైర్లు."

డప్పులు ఆగాయి. ఎవరో నవ్వి, ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నారు.

"పూజ అయిపోయింది చెల్లె. ఇప్పుడు ఆపితే అపశకునం."

"నిమ్మకాయకేం ఎరుక? అది పోయిన వారం పుట్టింది."

"ఊళ్లె మెల్లగనే పోత!"

"హైవే ఎక్కినంక నీ పిలగాండ్లు హారన్లు కొడితే ఊకుంటవా?"

జంగన్న ముఖం కారు రంగుకు వచ్చింది. "మంది ముంగట ఇజ్జత్ తీసినవు. ఇయ్యాల కారు కదలకుంటే రేపటి సంది నీ షెడ్లకు నా బోరు నీళ్లు రావు."

"నీళ్లు ట్యాంకర్ల తెచ్చుకుంట. నీ తలకాయ ఏడికెళ్లి తెస్త?" అని తాళంచెవి కొంగున ముడేసుకుంది.

జంగన్న ట్రాక్టర్ మీద వెళ్లాడు, గెలిచాడు కూడా. మట్టి మనిషని జనం మెచ్చుకున్నారట. ఆ ఘనత ఆయన ఎవరికీ పంచలేదు. నీళ్లు మాత్రం ఆపేశాడు. ఎన్నికలప్పుడు ఇచ్చిన మాటల్లో అన్న నిలబెట్టుకున్నది అదొక్కటేనని అక్క అనేది. ఆ ఎండాకాలం ట్యాంకర్లు చాలక ఒక షెడ్డు నిలువునా ఎండింది. ఆ టైర్లు పగిలేవో లేదో ఎవరికీ తెలియదు. తెలియకుండా పోవడానికే ఆమె ఒక షెడ్డు పోగొట్టుకుంది. ఎండిన మొక్కలు పీకుతూ నేను గొణిగాను: "ఒక్కసారి పోయి మంచిగ మాట్లాడితే అయిపోతుండె కదక్కా."

"దేనికి? నేను తప్పు చదివిన్నా?" అన్నది. ఇంకో మొక్క పీకి పారేసి, "పూలు మళ్ల పూస్తయి ఎం.కామూ. అన్న ఒక్కడే ఉన్నడు నాకు" అన్నది.

ఇప్పుడు అక్క లేదు. కారు నాకు అప్పజెప్పి పోయింది. నేల మీద కూర్చుని టైరు తిప్పుతుండగా ఫోన్ మోగింది. జంగన్న. ఆయన మనవరాలి పెళ్లి. ఆ అమ్మాయి ఎర్ర కారు తానే నడుపుకుంటూ ఫంక్షన్ హాలుకు వస్తానని పట్టుబట్టింది.

"ఏం సారూ, దొరికినయా?"

"దొరికినయన్నా. కొత్త మాల్ అంటున్నడు."

"లోపలి దిక్కు చూసినవా?"

చూశాను. అంకెలను గోటితో గీకి, మళ్లీ చూశాను. "చూసిన. అక్క షెడ్డు ఎండిన ఏడాదివి."



"పక్కకు పెట్టు" అన్నాడు జంగన్న. "పిల్ల ట్రాక్టర్ మీద వస్తది. మాకు కలిసొచ్చిందే."

దుకాణదారు నిట్టూర్చాడు. "గింత చూస్తే మీకు ఏ టైరూ నచ్చదు సార్." నేను పాలిష్ అంటిన అరచేతిని చొక్కాకే తుడుచుకుని లేచాను. షాబాద్‌లో ఇంకో దుకాణం ఉందట.