అడ్డురాని చెల్లో

కళ్లజోళ్ల కొట్టులో అద్దాలు బిగించే అక్కయ్యకి చెల్లో వాయించడం వచ్చని ఆ కొట్టుకొచ్చేవాళ్లెవరికీ తెలియదు. చిన్నప్పుడు బడిలో మూలన పడున్న, నిలువెత్తు వయొలిన్‌లాంటి చెల్లోని ఎవరూ ముట్టకపోతే, మొయ్యగలిగే ఒళ్లుంది కదా అని మాస్టారు ఆమెకి అంటగట్టారు. అంటగట్టింది కాస్తా ప్రాణమైంది.

కచేరీలకొచ్చేవాళ్లకి మాత్రం తమ్ముడి గిటారే తెలుసు. పక్కన కూర్చునే ఆవిడ గిటారు వెనక గోడలాంటిదని వాళ్ల లెక్క.

గిటారు గొంతు చిన్నది. చెల్లో మీద కమాను నిండుగా లాగితే అది ఎక్కడో నక్కిపోతుంది. అందుకని అక్కయ్య కమానుని తీగలకి ఆనీ ఆననట్టు నడిపేది. బలంగా వాయించడం కన్నా అలా ఊపిరి బిగబట్టి వాయించడమే కష్టం. అయినా సాధనలో తమ్ముడిది ఒకటే పాట: "అక్కా, అణిచి, అణిచి!" గిటారు వినబడకపోతే తప్పు చెల్లోది, వినబడితే గొప్ప గిటారుది. అరిటాకూ ముల్లూ సామెతే.

ఈసారి కచేరీకి ముందు అక్కయ్య నోరు తెరిచి అడిగింది.

"చివర్లో నా పాట ఒకటి పెట్టరా. నువ్వు ఊరికే తీగలు మీటుతూ ఉండు చాలు. ఒక్కసారి దీన్ని గొంతెత్తనివ్వు."

"సరేలే అక్కా, నీ ముచ్చటెందుకు కాదనాలి?"

కచేరీ ఒక పెద్దింటి ముందుగదిలో. నాలుగు వరసల కుర్చీలు, శబ్దాన్ని మింగేసే మందపాటి తెరలు. మొదటి సగం సాఫీగానే గడిచింది. విరామంలో తమ్ముడు కిటికీ గడియ తియ్యబోయి కుడిచేతి ఉంగరపు వేలి గోరు విరగ్గొట్టుకున్నాడు. అతను గిటారు మీటేది ఆ గోళ్లతోనే.

"చచ్చానక్కా!"

"గోరు విరిగితే ఎవరూ చావరు. చెయ్యి ఇలా తే."

ఇలాంటి అవసరానికే అతని పెట్టెలో టేబుల్ టెన్నిస్ బంతి ఒకటి ఉంటుంది. అక్కయ్య దాన్నుంచి చిన్న ముక్క కత్తిరించి, కళ్లజోడు అంచు సరిచేసినంత ఓపిగ్గా నున్నగా అరగదీసి, విరిగిన గోటికి జిగురుతో అతికించింది. జిగురు ఆరేదాకా ఆ వేలు పట్టుకుని ఊదుతూ కూర్చుంది.

తమ్ముడు తీగ మీటి చూశాడు. పలికింది.

"ఇది ఒక్క పాటకి మించి ఆగదేమోనక్కా. నేనొక్కణ్ణే వాయించేది ఉంది కదా, అది కానిచ్చేస్తాను. నీది ఇంకోసారి చూద్దాం."

"నా పాటలో ఆ వేలితో పనేముందిరా? బొటనవేలితో మీటినా సరిపోతుంది."

"జనం దానికోసమే వచ్చారక్కా. ఏమనుకోకు."

అక్కయ్య చెల్లోని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, కమాను ఒళ్లో పెట్టుకుని, అతని పక్కనే కూర్చుంది. అతని పాట అయ్యేదాకా గోరు చెక్కుచెదరలేదు. చప్పట్లు మోగాయని అతను ఇంకొకటి వాయించాడు. అదీ ఒంటరిగానే.

అయిపోయాక ఇంటావిడ వచ్చి అక్కయ్య చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ మీ చెల్లో ఎంత బాగుందమ్మా! ఆ చివరి రెండూ మరీనూ. గిటారుకి అసలు అడ్డే రాలేదు!"

తమ్ముడు పకపకా నవ్వాడు. "విన్నావా అక్కా?"

"విన్నాను" అంది అక్కయ్య, కమాను బిగువు వదులుచేస్తూ. "ఇకమీదట అన్నీ అలాగే వాయిస్తానురా. మా ఇంట్లో కూర్చుని."

అదీ హాస్యమే అనుకుని, తమ్ముడు ఆ మాట వెనక వరసలవాళ్లకి కూడా చెప్పి నవ్వించాడు.