చెరిపిన టేపు

రేడియో కేంద్రంలో అతన్ని అందరూ తుడుపు బాబాయి అనేవారు. కొత్త టేపులు దొరకని కాలం అది. ప్రసారమైపోయిన పాటను చెరిపి, అదే టేపు మీద మరొకరి పాట రికార్డు చేసేవారు. రీలును అయస్కాంతపు యంత్రం మీద పెట్టి నెమ్మదిగా తిప్పి, అంతే నెమ్మదిగా దూరంగా తీయడం అతని ఉద్యోగం. పాటగాళ్లందరికీ చివరి చూపు బాబాయిదేనని అనౌన్సరు ఆటపట్టించేవాడు. చెరిపే ముందు అతను వినేవాడు కాదు. వింటే చెయ్యి ఆడదని అతని నమ్మకం.

అతని చెల్లెలు ఆ కేంద్రంలోనే లలిత సంగీతం పాడేది. కన్నబిడ్డకు మాటలైనా రాకముందే జ్వరంతో పోయింది. కొన్నాళ్లకు ఆమె టేపు వంతు వచ్చింది. బీరువా వెనక పడేస్తే అడిగే నాథుడు లేడని అనౌన్సరు చెప్పి చూశాడు.

"ప్రతి టేపులోనూ ఎవరి చెల్లెలో ఒకరు ఉంటారండీ," అని అతను యంత్రం మీట నొక్కాడు.

రాతిగుండె అన్నవారున్నారు, నిజాయితీ అన్నవారూ ఉన్నారు. దాచడానికి వీలుందన్నది నిజం. ఇతరులు బతిమాలినప్పుడు అతను ఏ టేపూ దాచలేదన్నదీ నిజమే. రెండింటినీ తూచి చూస్తే, ఆ పని అన్యాయమనలేం, అవసరమనీ అనలేం.

మేనకోడలు అతని ఇంట్లోనే పెరిగింది. పెద్దయ్యాక, అమ్మ గొంతు ఒక్కసారి వినాలని అడిగింది. చెరిపేశానని అతను చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే చెప్పాడు. ఆమె ఏడవలేదు. అతని వెంటే కేంద్రానికి వచ్చింది.

సరిగా చెరగని టేపులో పాత గొంతు లీలగా మిగులుతుందని అనౌన్సరు ఆశపెట్టాడు. బాబాయి వెతక్కుండానే చెల్లెలి పాట చెరిపిన టేపు తీసి ఇచ్చాడు. అందులో ఇప్పుడు ఎవరిదో వేణువు ఉంది. అది ముగిశాక మిగిలిన ఖాళీ టేపును, శబ్దం బాగా పెంచి, ముగ్గురూ చివరిదాకా విన్నారు. సన్నని హోరు తప్ప ఏమీ లేదు.

"ఇంత శుభ్రంగా చెయ్యకపోతేనేం మామయ్యా?"

"సగం చెరిపితే రెండూ పాడవుతాయమ్మా."

ఆమె శబ్దం తగ్గించింది. తరవాత, అమ్మ ఎలా పాడేదో నువ్వే చెప్పమంది.

"పాట సంగతి నాకు చెప్పడం రాదు. రికార్డింగు మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగే ముందు మాత్రం గొంతు సవరించుకుని, 'అన్నయ్యా, తలుపు వెయ్యి' అనేది. అది ఏ టేపులోకీ ఎక్కలేదు."

"ఎలా అనేది?"

అతను బొంగురు గొంతుతోనే అని చూపించాడు.

"ఇంకోసారి అను," అంది ఆమె.