చచ్చిన రాజుకి వన్స్ మోర్

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక మ్యూజియంలో జపాన్ చెక్క అచ్చుల బొమ్మలు చూశాను. ఒకదాన్లో కబుకి నాటకం ఆడుతున్నారు. నా చూపు మాత్రం కింద కూర్చున్న జనం మీదే నిలిచింది. ఒకడు తింటున్నాడు, ఒకావిడ కబుర్లాడుతోంది, వెనక ఒకడు నోరంతా తెరిచి అరుస్తున్నాడు.

"ఎందుకు తిడుతున్నాడండీ?" అని పక్కనున్న జపాన్ పెద్దావిడని ఇంగ్లీషులో అడిగాను.

"తిట్టడం కాదు, మెచ్చుకోవడం. మంచి ఘట్టం రాగానే నటుణ్ని ఇంటిపేరు పెట్టి పిలుస్తారు. మా తాతయ్య కేక హాలంతా వినబడేది."

"మావాళ్లు వన్స్ మోర్ అంటారు," అన్నాను. మా నాన్న తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. యుద్ధంలో చచ్చిపడ్డాక జనం వన్స్ మోర్ అంటే, లేచి కిరీటం సర్దుకుని, అదే పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు.

ఆవిడ పగలబడి నవ్వింది. కాపలా ఆయన పెదవుల మీద వేలు పెట్టాడు.

"ఈ దేశంలో చప్పట్లక్కూడా చివరిదాకా ఆగాలి," అందావిడ గుసగుసగా. "ఆ పద్యం మీకొచ్చా?"

బయట ట్రామ్ స్టాపులో ఎత్తుకున్నాను. నాన్న పోయాక పాడటం అదే మొదలు. గట్టిగా రాగం తీశాను. నిలబడ్డవాళ్లు ఒకసారి చూసి, మర్యాదగా తల తిప్పుకున్నారు. సిగ్గేసి ఆపేశాను.

"మీ ఇంటిపేరేంటి?" అందావిడ.

"మద్దాల."

ఆవిడ నోటి చుట్టూ చేతులు పెట్టి, వీధంతా దద్దరిల్లేలా అరిచింది.

"మద్దాలా!"

ట్రామ్ వచ్చింది. ఎక్కలేదు. మొదటినుంచీ అందుకున్నాను.