కింద ఊరే చెట్టు

మా వెల్గటూర్ పక్కన తాటిచెట్లు కొట్టేసి ప్లాట్లు చేశాక, కల్లు గీసే పని పోయి పోలండ్‌లోని ఆపిల్ తోటలో పనికి చేరాను. చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకు మాత్రం పారేయబుద్ధి కాక పెట్టెలో తెచ్చుకున్నాను.

అక్కడి చలి గురించి అందరూ భయపెట్టారు. ఆ ఏడు మంచే పడలేదు. మాఘమాసపు ఎండలో స్వెటర్లు విప్పి హాయిగా తిరిగాం. చలి లేక చెట్లలో తియ్యనీళ్లు ముందే ఊరుతున్నాయని, తాగుదాం రమ్మని ఓ ఆదివారం తోట యజమానురాలు పిలిచింది. మోకు భుజాన వేసుకుని వెంట నడిచాను.

తెల్ల బెరడు చెట్టు చూపించిందో లేదో, మోకు బిగించి ఎక్కేశాను. మా కల్లు ఊరేది చెట్టు తలలో కదా! ఆమె పకపకా నవ్వి, మోకాలెత్తున బెరడుకు చిన్న రంధ్రం చేసింది. సీసాలోకి చుక్కచుక్కగా నీళ్లు పడ్డాయి.

"దిగు తమ్మీ, నీళ్లు కిందనే ఉన్నయట!" అని మాతో వచ్చిన, నా గదిలో ఉండే కోరుట్ల అన్న అరిచాడు.

సిగ్గేసింది, కోపమూ వచ్చింది. దిగలేదు. ఇంకో రెండు బారలు ఎక్కాను.

"నీళ్ల కోసం కాదన్నా," అన్నాను. "ఎక్కుడు మర్సిపోయిన్నా ఏందని సూసుకుంటున్న."